రెండు రిపోర్టులు, ఒకటే ఎముక

చిన్నీ,

"ఎముకల స్కాన్‌లో మైనస్ 2.1 వచ్చిందిగా అమ్మా, గండం గడిచినట్టే, ఇంక ఆ మందులెందుకు?" అన్నావు నిన్న. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో బాబు ఏడుస్తాడు, నువ్వు సగమే వింటావు. అందుకే రాస్తున్నాను.

మొదటి సెంటర్లో ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీస్తే తుంటి దగ్గర టీ స్కోరు, అంటే పడుచువాళ్ల సగటుకు నా ఎముక ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, మైనస్ 2.6. మైనస్ 2.5కి దిగితే ఎముకలు గుల్లబారినట్టే, ఆస్టియోపొరోసిస్. నువ్వు పట్టుబట్టి పంపిన రెండో చోట మైనస్ 2.1. నాన్నగారి సంతోషం చూడాలి, పరమాన్నం చేయమన్నారు. ఆ రాత్రి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. తొడ ఎముక మెడ దగ్గర సాంద్రత ఒకదాంట్లో చదరపు సెంటీమీటరుకు 0.546 గ్రాములు, రెండోదాంట్లో 0.548. మెషిన్లు ఒకే కంపెనీవి. ఎముక ఉన్నచోటే ఉంది, స్కోరు ఎలా మారింది? భూతద్దం పెట్టి చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో దొరికింది. మొదటివాళ్లు నన్ను అమెరికాలోని తెల్లజాతి యువతులతో పోల్చారు, రెండోవాళ్లు మన దేశపు యువతులతో. ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పలేదు. అడిగితే కౌంటర్లో అబ్బాయి "మెషిన్‌లోనే అలా వస్తుందండీ" అన్నాడు. మనిషికి మందు రాయాలో వద్దో తేల్చే సంగతి కదా, నాకు చాలా బాధేసింది.

ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, చేసి చూడకుండా ఉండలేకపోయాను. 1988 నుంచి 1994 దాకా అమెరికాలో జరిగిన ఎన్‌హేన్స్ అనే ఆరోగ్య సర్వేలో 20–29 ఏళ్ల తెల్లజాతి ఆడవాళ్లకు తొడ ఎముక మెడ దగ్గర సగటు 0.858, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 0.120. నా 0.546లోంచి సగటు తీసేసి 0.120తో భాగిస్తే సరిగ్గా మైనస్ 2.6. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2010లో మనవాళ్లకు వేరే ప్రామాణికాలు ఇచ్చింది. వాటిలో సగటు తక్కువ, అందుకే స్కోరు మెరుగ్గా కనిపిస్తుంది.

అలాగని మన ప్రామాణికాలు తప్పని కాదు. స్కాన్ చూసేది వైశాల్యాన్నే, ఎముక లోతును కాదు. అందుకే చిన్న ఎముకలున్న మనిషికి సాంద్రత ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఎప్పుడూ ఏ ఎముకా విరగని సన్నటి మనిషిని తెల్లవాళ్లతో పోల్చి భయపెట్టడం నాకూ నచ్చదు. కానీ మైనస్ 2.5 అనే గీతను 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసింది మెనోపాజ్ దాటిన తెల్లజాతి ఆడవాళ్లను చూసి. గీత అక్కడే ఉంచి సగటు మాత్రం మారిస్తే, నాలాంటివాళ్లు కొందరు గీత దాటి జబ్బు లేనివాళ్ల వైపుకు వచ్చేస్తారు. మన సగటు తక్కువైనంత మాత్రాన పడితే విరగదనా?

నిరుడు కార్తీకంలో తులసికోట దగ్గర తడి గచ్చు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను, గుర్తుందా? డాక్టరుగారు స్కోరుకన్నా ముందు అదే అడిగారు. నిలబడ్డ మనిషి పడినంతలోనే మణికట్టు విరిగిందంటే నా రెండు స్కోర్లలో ఏది తీసుకున్నా మందు మొదలుపెట్టాల్సిందే అన్నారు. కాబట్టి వేసుకుంటున్నాను. ప్రతి ఆదివారం పరగడుపున గ్లాసుడు నీళ్లతో ఒక మాత్ర, ఆ తర్వాత అరగంట నడుం వాల్చకూడదు. ఆ అరగంటా వీధి అరుగు మీద కూర్చుంటున్నాను. టెన్షన్ పడకు.

మళ్లీ స్కాన్ మొదటి సెంటర్లోనే, అదే మెషిన్ మీద చేయించుకుంటాను. మెషిన్ మారితే పాత అంకెతో పోల్చడానికి ఉండదు. నీకెప్పుడైనా డాక్టరు ఈ స్కాన్ రాస్తే టీ స్కోరు చూసి కంగారుపడకు. నీ వయసువాళ్లకు చూడాల్సింది జెడ్ స్కోరు, అంటే అదే వయసువాళ్లతో పోల్చిన అంకె, అది మైనస్ 2కి దిగితేనే ఆలోచించాలి.

పెద్దమ్మ ఏదో క్యాంపులో మడమకు పరీక్ష చేయించుకుని "నాకేం లేదు" అంటోంది. ఆ మడమ పరీక్ష అంకెకు మైనస్ 2.5 గీత వర్తించదని చెప్పాను, వినలేదు. నువ్వు ఫోన్ చేసి డెక్సా చేయించుకోమని చెప్పు. నీ మాటైతే తీసెయ్యదు.

అమ్మ