నీళ్ల కిందికి పోయిన ఊరి ఫొటోల కోసం: రామాలయ కమిటీ విజ్ఞప్తి

శ్రీరామ

ఊరి పెద్దలకు, అత్తవారిళ్లలో ఉన్న ఆడపడుచులకు, కర్నూలు, హైదరాబాదుల్లో స్థిరపడిన పిల్లలకు రామాలయ కమిటీ నమస్కారాలు.

శ్రీశైలం జలాశయం కోసం 1981లో ఖాళీ అయిన ఊళ్లలో మనదీ ఒకటి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మన మట్టి మిద్దెలకు, రచ్చకట్టకు, పీర్ల చావడికి ఆ భాగ్యం లేకపోయింది. అవి మిగిలింది మన ఫొటోల్లోనే, అదీ మనుషుల వెనకాల. వచ్చే శ్రీరామనవమి నాటికి ఆ ఫొటోలను కల్యాణ మండపంలో శాశ్వతంగా పెట్టాలని పూనుకున్నాం. అందుకు మీ ఫొటోలూ కావాలి, మీ విరాళమూ కావాలి.

‘మా దగ్గర ఊరి ఫొటోలు లేవండీ’ అనకండి. పెళ్లి ఫొటోలో పందిరి వెనక గోడ, బడి గ్రూపు ఫొటోలో అరుగు, ఎద్దుల పక్కన కొట్టం, ఏది కనిపించినా చాలు. ఎక్కువ ఫొటోలు దొరికేది ఆడపడుచుల పెట్టెల్లోనే, పెళ్లి ఆల్బమ్ వాళ్లతోనే వెళ్లిపోయింది కదా. రామాలయం పిలుపు కదా అని మసీదు వీధివాళ్లు, చర్చి వీధివాళ్లు ఆగిపోవద్దు. ఊరు అందరిదీ.

తెచ్చే ముందు కొంచెం జాగ్రత్త. ఫ్రేము అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకవద్దు. తేమకు ఫొటో పైపొర మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే మొహాలే ఊడి వస్తాయి. అద్దంతోనే తెండి, అలాగే స్కాన్ చేస్తాం. జిగురు పేజీల ఆల్బమ్ అయితే మొత్తంగా తెండి, సన్నటి దారం కిందుగా నడిపి మేమే విడదీస్తాం. బూజు పట్టినదాన్ని తడిగుడ్డతో తుడవకండి. లామినేషన్ అసలే వద్దు, ఆ వేడి జిగురు మళ్లీ వదలదు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే గీత ముందుకు తేలుతుంది. పేర్లు విడి కాగితం మీద రాసివ్వండి.

దూరాన ఉన్నవాళ్లు ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపితే గుర్తుపట్టడానికి పనికొస్తుంది గానీ పెద్ద ప్రింటుకు చాలదు. దగ్గరలోని స్టూడియోలో 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించి, వాట్సాప్‌లోనే ‘డాక్యుమెంటు’గా పంపండి. మూడున్నర అంగుళాల వెడల్పు ఫొటో అలా 2,100 పిక్సెళ్లు వస్తుంది, 12 అంగుళాల వెడల్పు ప్రింటుకు సరిపోతుంది. పాస్‌పోర్టు సైజువి, చిన్న చదరపు ఫొటోలు 1,200 డీపీఐలో చేయించాలి.

అన్నిటికన్నా కష్టం పేర్లు. ప్రతి గ్రూపు ఫొటో మీద ట్రేసింగ్ కాగితం పరచి, ఒక్కో తలకు అంకె వేసి, ఇద్దరు పెద్దలను విడివిడిగా అడుగుతాం. చెప్పింది కలవకపోతే రెండూ రాసిపెడతాం. ఇంటిపేరు, వీధి, సుమారు సంవత్సరం తెలిస్తే చెప్పండి. ఫొటో ఇచ్చిన కుటుంబం సంతకం లేకుండా ఏదీ గోడకెక్కదు, వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టం. తర్వాత వద్దన్నా తీసేస్తాం.

ఇక విరాళం. 12×18 అంగుళాల ఫ్రేములు 60 అనుకున్నాం. ఫ్లెక్సీ చవక, కానీ వెలిసి చుట్టుకుపోతుంది. అందుకే మెరుపు లేని ఫొటో కాగితం మీద ప్రింటు తీసి అద్దం ఫ్రేములో పెట్టిస్తున్నాం. ఒక్కోదానికి 1,200 రూపాయలు. గర్భగుడి ముందు దీపాల పొగ, అభిషేకం తేమ ఉంటాయి కాబట్టి అక్కడ వద్దనుకున్నాం. మండపంలోనూ గోడ చెమ్మ తగలకుండా ఫ్రేము వెనక చెక్క ముక్కలు కొట్టి రెండు సెంటీమీటర్ల సందు వదలాలి. స్కానర్ ఒకటి, హార్డ్‌డిస్కులు మూడు కొనాలి. డిస్కుల్లో ఒకటి గుడిలో, ఒకటి బడిలో, ఒకటి హైదరాబాదులో ఉంచుతాం. స్కానర్‌నో డిస్కునో ఎవరైనా కొనిచ్చినా సంతోషమే. ఫ్రేము కింది జాగా ఫొటోలోని వాళ్ల పేర్లకే. దాతల పేర్లు గుమ్మం పక్కన వేరే బోర్డు మీద వేయిస్తాం. ఫొటో తెచ్చినవాళ్లు డబ్బు కట్టాల్సిన పనిలేదు.

భోగి నుంచి ముక్కనుమ దాకా నాలుగు రోజులూ ఉదయం 8 నుంచి 12 వరకు స్కానర్ మండపంలోనే ఉంటుంది. మీ ఎదుటే స్కాన్ చేసి, అసలు ఫొటో అప్పుడే మీ చేతికిస్తాం. విరాళం కమిటీ కోశాధికారికే ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి.

ఇట్లు,
రామాలయ కమిటీ