నీళ్లు కారుతున్న పాత వాషింగ్ మెషీన్ల మరమ్మతు: వచ్చే నెల నుంచి మా పద్ధతి

అనంతపురం టౌనులోనూ, రాప్తాడు, బుక్కరాయసముద్రం వైపు ఊళ్లలోనూ మా చేత మెషీన్లు బాగు చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. కింద నీళ్లు కారుతున్న పాత మెషీన్లకు ఇకమీదట ఫోనులో రేటు చెప్పము. మెషీన్‌ను నీళ్లతో నడిపి, కారే చోటు మీకు చూపించిన తరువాతే చెబుతాము. విజిటింగ్ ఛార్జి ఆ వెతకడానికే తీసుకుంటున్నాము కాబట్టి, మరమ్మతు వద్దనుకున్నా అది ఇవ్వవలసి ఉంటుంది.

ఇలా ఎందుకంటే, నేల మీద తడి కనిపించే చోటుకు పైనే లీకు ఉంటుందన్న నమ్మకం లేదు. టబ్ అడుగున జారిన నీరు బాడీ అంచు పట్టుకుని పోయి, పల్లంగా ఉన్న మూలన బయటపడుతుంది. అందువల్ల ఎక్కడ కారుతోందన్న దానికన్నా ఎప్పుడు కారుతోందన్నదే మాకు ఎక్కువ ఉపయోగపడుతుంది. నీళ్లు పట్టేటప్పుడే కారితే ఇన్‌లెట్ పైపు వాషరును గానీ, సబ్బుపొడి వేసే అరను గానీ అనుమానిస్తాము. నీళ్లు వదిలేటప్పుడు మాత్రమే కారితే డ్రైన్ పైపునో పంపునో చూస్తాము. సెమీ ఆటోమేటిక్‌లో బట్టలు పిండేటప్పుడు కారితే స్పిన్ టబ్ కింది రబ్బరు సీలు అరిగి ఉండవచ్చు. ఉతుకుతున్నంతసేపూ కారుతుంటే ఫ్రంట్ లోడ్‌లో తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్‌ను, టబ్ వెనక షాఫ్టు చుట్టూ నీరు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు అయిన ఆయిల్ సీలును చూడాలి. పిలిచేటప్పుడు ఈ ఒక్క సంగతి చెప్పగలిగితే సగం పని మీరే చేసినట్లు.

మెషీన్ ఆపి ఉన్నా టబ్‌లో నీళ్లు చేరుతున్నాయని చాలామంది కంగారు పడుతున్నారు. అది మెషీన్‌లోకి నీటిని వదిలి ఆపే ఇన్‌లెట్ వాల్వ్ తెచ్చే తంటా. ఆ వాల్వ్‌లోని పలుచని రబ్బరు పొరను గట్టిగా మూసి ఉంచేది నీటి ఒత్తిడే. మీటరు ఎత్తుకు వచ్చే ఒత్తిడి సుమారు 0.1 బార్ మాత్రమే కనుక, ట్యాంకు స్నానాలగదికి కాస్త పైనే ఉన్న ఇళ్లలో ఆ పొర సరిగా అతుక్కోదు. మధ్యలో చిన్న ఉప్పు పలుకు ఇరుక్కున్నా చాలు, నీరు కారుతూనే ఉంటుంది. ఉతకడం కాగానే కుళాయి కట్టేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అసలు ఖర్చు వచ్చేది ఆయిల్ సీలుతోనే. మన బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు డ్రమ్మును తిప్పే షాఫ్టు మీద గరుకుగా పేరుకుని, దానికి ఆనుకుని ఉండే సీలు అంచును కోసేస్తాయి. అక్కడినుంచి నీరు బేరింగుల్లోకి దిగి వాటిని తుప్పు పట్టిస్తుంది కనుక, పిండేటప్పుడు హోరు వినిపించే సమయానికి సీలు ఒక్కటే మార్చి లాభం ఉండదు. ఇకపై ఫ్రంట్ లోడ్‌లో టబ్ దించితే సీలూ రెండు బేరింగులూ కలిపి మార్చడానికే ఒప్పుకుంటాము. డ్రమ్ము వెనక ఉండే మూడు కాళ్ల అల్యూమినియం భాగం తినేసి ఉన్నా, కొన్ని మోడళ్లలోలాగా బయటి టబ్‌ను అతికేసి విప్పడానికి వీలు లేకపోయినా, పెద్ద భాగమే కొనవలసి వస్తుంది. పాత మెషీన్ మీద అంత డబ్బు పెట్టవద్దనే చెబుతాము. ఆ మాట చెబితే మాకు గిరాకీ పోతుంది, అయినా చెబుతాము.

ఇంట్లో మీరు చేసే వైద్యం గురించి కూడా ఒక మాట. గట్టిపడే జిగురు పూస్తే కదిలే రబ్బరు మీద నిలవదు, పైగా దాన్ని గీకడానికే మాకు సమయం పోతుంది. సున్నం కరిగించే పొడి అప్పుడప్పుడు వాడడం మంచిదే కానీ, అందులో ఆమ్లం ఉంటుంది కాబట్టి బ్లీచింగుతో కలపరాదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. నీళ్లు కారుతున్న మెషీన్‌ను తాకే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేయండి. మన ఎండలకు ఎర్తింగు గుంత ఎండిపోతే షాకు నుంచి కాపాడే దారి బలహీనపడుతుంది. వేసవిలో దానికి నీళ్లు పోయిస్తూ ఉండండి.

కంపెనీ సర్వీసు వివరాలు ముందుగా చూసుకోదలచినవారికి కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ ఉంది. అక్కడ విచారించుకుని వచ్చినా మాకు అభ్యంతరం లేదు. పాత మెషీన్ నుంచి తీసిన భాగం వేయవలసి వస్తే ముందే చెప్పి, బిల్లులో పాతదని రాస్తాము. దానికి వారంటీ ఉండదు. టబ్ దించే పనులకు మెషీన్‌ను షాపుకే తెచ్చుకుంటాము; రానూపోనూ ఆటో ఖర్చు మీది, మార్చిన పాత భాగాలు మీకే తిరిగి ఇస్తాము.