మన సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, ఆడపడుచులకు నమస్కారం. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం కాబట్టి ఏటా సమావేశం పెట్టాలి, కార్యదర్శి అన్నవాడు నివేదిక చదవాలి. మామూలుగా అయితే పది నిమిషాల్లో ముగించి భోజనాలకు వదిలేసేవాణ్ణి. ఈసారి కాస్త ఓపిక పట్టండి. ఎందుకో మీకూ తెలుసు.

ముందు మిగతా పనులు గబగబా చెప్పేస్తాను. వినాయక చవితికి మట్టి విగ్రహం పెట్టి తొమ్మిది రోజులూ పూజలు జరిపించాం. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు బియ్యం, దుప్పట్లు, పాలపొడి పోగుచేసి వ్యానులో పంపాం. అడిగిన ఇల్లల్లా ఇచ్చింది, అది చెప్పుకోవాల్సిన మాట. కార్తీకమాసం వనభోజనాలు కొబ్బరితోటలో బాగా జరిగాయి. కంటి పరీక్షల శిబిరం పెట్టాం. సంక్రాంతి ముగ్గుల పోటీలో మొదటి బహుమతి గురించి వచ్చిన రభసను ఇక్కడ మళ్ళీ ఎత్తదలచుకోలేదు. చెరువుగట్టు మీది వీధిలైట్లు ఇంకా వెలగలేదు, అది మన తప్పు కాదు.

ఇక ఈగల సంగతి.

పోయిన ఏప్రిల్‌లో ఎప్పటిలాగే కాలువలు కట్టేశారు. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆగిపోయాక కాలువ అడుగున ఏం పేరుకుందో అందరం చూశాం. పెళ్ళిళ్ళ విస్తళ్ళు, తాగేసిన బొండాలు, కోళ్ళ దుకాణాల ఈకలు, ఇంకా చెప్పకూడనివి. అదే సమయానికి చేపల చెరువుల గట్ల మీద లారీల కొద్దీ కోడిపెంట దింపారు. చెరువుకి అది మేత లాంటిదే, రైతుని తప్పు పట్టను. కానీ నెలల తరబడి పచ్చిగా, తడిగా, కప్పకుండా వదిలేస్తే అది ఈగలకు పురిటిల్లు అవుతుంది. పైనుంచి మామిడిపళ్ళు, పనసపళ్ళ కాలం. మే నెలాఖరుకి ఊళ్ళో పరిస్థితి ఎలా ఉందంటే, అన్నం తినడానికి ఒక చెయ్యి, ఈగల్ని తోలుకోవడానికి ఒక చెయ్యి. మన హాల్లో జరిగిన పెళ్ళిలో వడ్డించేవాళ్ళు పెరుగు గుండిగ మూత తియ్యడానికి జంకారు. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. ఈగ గట్టి పదార్థం తినలేదు. తన ఉమ్మిని దాని మీద కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. అంతకుముందు అది ఎక్కడ వాలిందో మనకి తెలియదు. టైఫాయిడ్, కలరా, రక్తవిరేచనాలు అలా వస్తాయి.

మందు కొట్టిద్దాం అని కొందరు గట్టిగా పట్టుబట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. మన చుట్టూ రొయ్యల చెరువులు. పురుగుమందు చుక్క చెరువులో పడితే ముందు పోయేది రొయ్యే, ఎందుకంటే పురుగుకి పనిచేసే మందు రొయ్యకీ పనిచేస్తుంది. ఆ నష్టం సంఘం కట్టలేదు. పైగా అవే మందులు పదేపదే కొడితే ఈగలు వాటికి అలవాటు పడిపోతాయి. టీ కొట్ల దగ్గర నీళ్ళు నింపిన కవర్లు వేలాడదీస్తే ఈగలు రావని ఒకరు అన్నారు. వెళ్ళి చూశాం. ఈగలు ఆ కవరు మీదే కూర్చున్నాయి.

అప్పుడు మన సైన్సు మాస్టారు (రిటైరయ్యాక కూడా మమ్మల్ని విద్యార్థుల్లాగే చూస్తారు) కూల్‌డ్రింక్ సీసా ఒకటి తెచ్చి, దాంతో ఈగల్ని పట్టే బోను ఎలా చెయ్యాలో కార్యవర్గం ముందే కత్తిరించి చూపించారు. రెండు లీటర్ల సీసా. మెడ వంపు ఎక్కడ మొదలవుతుందో అక్కడ చుట్టూ కోసెయ్యాలి. మూత తీసేసి, పై ముక్కని గరాటులా తిరగేసి కింది ముక్కలో దించాలి. అంచు వెంట మూడుచోట్ల కన్నాలు పెట్టి పురికొసతో కట్టాలి. అడుగున ఎర, ఎరకీ గరాటు కొసకీ మధ్య రెండుమూడు వేళ్ళ ఎడం. గిన్నెలు తోమే సబ్బు నాలుగు చుక్కలు. సబ్బు లేకపోతే ఈగ నీటి మీద తేలి, కాళ్ళు తుడుచుకుని మళ్ళీ లేస్తుంది. సబ్బు ఉంటే మునుగుతుంది. ఇంతే, ఖర్చు లేదు.

ఓట్ల లెక్కింపు అయిన తర్వాతి ఆదివారం, మృగశిర కార్తె వచ్చాక, సామాజిక భవనంలో అందరం కూర్చుని సీసాలు తయారుచేశాం. ఈ సంఘం చరిత్రలో ఇంత మంది పిల్లలు ఒక పనికి చేరడం నేను చూడలేదు. పెద్దల సంగతి తర్వాత చెబుతాను. కత్తెరలు పెద్దవాళ్ళ దగ్గరే ఉంచాం. కోసిన అంచు పదునుగా ఉంటుంది కాబట్టి దానికి టేపు వేయించాం. డ్వాక్రా అక్కలు ఒక పక్క వేరే పద్ధతి మొదలుపెట్టారు. పడవల సందులకి పూసే గుగ్గిలం, ఆముదం కలిపి సన్నని సెగ మీద కరిగించి పాత క్యాలెండరు కాగితాలకి పూశారు. వంటింట్లో కట్టుకోవడానికి అది బాగుంది, వాసన ఉండదు. రెండు మూడు రోజుల్లో దుమ్ము పట్టి జిగురు పోతుంది, కొత్తది కట్టుకోవాలి. ఒక అక్కయ్యగారి జడ ఆ కాగితానికి అంటుకుంటే కొబ్బరినూనె రాసి విడిపించడానికి అరగంట పట్టింది. ఆవిడ ఏమీ అనుకోలేదు, మేమూ నవ్వలేదు, అప్పుడు.

ఎర విషయంలో వాదన జరిగింది. బెల్లం నీళ్ళు, మాగిన అరటిపండు అని ఒక వర్గం. పుల్లబడిన కల్లు అని ఒక వర్గం (ఆ వర్గం తెచ్చిన కల్లు హాలుకి సగమే చేరింది). ఎండురొయ్యల పొట్టు అని మత్స్యకారుల పేట నుంచి వచ్చిన పిన్నిగారు. అన్నీ పెట్టి చూశాం. బెల్లానికి చీమలు, తేనెటీగలు, పళ్ళ మీద మూగే నుసుములు ఎక్కువ వచ్చాయి. తేనెటీగలు పోతే మన తోటలకే నష్టం. అందుకని బెల్లం ఆరుబయట వద్దన్నాం. కల్లు పర్వాలేదు. అన్నిటికన్నా గెలిచింది రొయ్యపొట్టు. గుప్పెడు పొట్టు నీళ్ళలో వేసి రెండు రోజులు ఎండలో మురగనిస్తే ఇంటి ఈగలే కాదు, చేపల బజారులో ఉండే ఆ నీలి ఈగలు కూడా బారులు కట్టాయి. వాసన మాత్రం భరించలేం.

ఈగ సీసాలో ఎలా పట్టుబడుతుందో పిల్లలు గంటల తరబడి చూశారు, నేనూ చూశాను. ఈగ ముందు గరాటు అంచు మీద వాలుతుంది. కాళ్ళతోనే రుచి చూస్తుంది కదా, అలా చుట్టూ నడుస్తూ కిందికి దిగుతుంది. మెడ సందులోంచి దూరి లోపలికి వెళ్ళాక, తిరిగి వెళ్ళాలంటే వెలుతురు ఉన్న వైపుకే ఎగురుతుంది. వెలుతురు సీసా గోడల వైపు ఉంది, దారి నడిమధ్య చీకటిగా ఉంది. ప్లాస్టిక్కుని గుద్దుకుని గుద్దుకుని చివరికి నీళ్ళలో పడుతుంది. అందుకే సీసా పై భాగం తేటగా ఉండాలి, కింది భాగానికి నల్ల కాగితం చుట్టుకోవచ్చు.

ఇంటింటికీ పంచడానికి వెళ్ళినప్పుడు వెనకవీధి మామ్మగారు సీసా వాసన చూసి, "ఏం బాబూ, ఈగల్ని పిలిచి భోజనం పెడుతున్నారా?" అన్నారు. నిజానికి ఆవిడ అన్నదాంట్లో పాయింటు ఉంది. సీసా వంటింటి గుమ్మం పక్కన కడితే లేని ఈగల్ని కూడా పిలిచినట్టే. ఇరవై అడుగులకి తగ్గకుండా దూరంలో, పశువుల కొట్టం వైపో చెత్తకుండీ వైపో, ఎండ తగిలేచోట నడుము ఎత్తులో కట్టాలి. పక్కింటివారి కిటికీ కింద కట్టకూడదు. ఆ ఒక్క కారణంగా ఈ ఏడాది మన దగ్గరకి వచ్చిన తగాదాలు ఇళ్ళ హద్దు తగాదాల కన్నా ఎక్కువ. మామ్మగారు వారం తిరక్కుండా రెండో సీసా అడిగారు.

ఆషాఢం వచ్చేసరికి బజారువీధిలో, హైస్కూలు దగ్గర తేడా స్పష్టంగా కనిపించింది. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మలు వచ్చి చెప్పారు, నేను అడిగించుకున్నది కాదు. పక్క ఊళ్ళ వాళ్ళు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. ఒక ఊళ్ళో తామే కనిపెట్టామని చెప్పుకుంటున్నారట, చెప్పుకోనివ్వండి, మినిట్స్ పుస్తకంలో తేదీతో సహా మనది రాసి ఉంది.

ఇప్పుడు పెద్దల సంగతి. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్ళకి కొదవ లేదు. "సూపర్ అండి", "మంచి కార్యక్రమం అండి" అన్నవాళ్ళు ఆదివారం హాల్లో కనబడలేదు. సీసా కట్టడం ఒక్క రోజు పని, కాపాడుకోవడం వారం వారం పని. ఎండకి నీళ్ళు ఇగిరిపోతాయి, పొయ్యాలి. వారానికోసారి పారబోసి, చచ్చిన ఈగల్ని గొయ్యి తీసి పాతి, కొత్త ఎర వెయ్యాలి. వీధికి ఇద్దరు చొప్పున పేర్లు రాసుకున్నాం. మూడో వారానికి ఆ ఇద్దరిలో ఒకరైనా ఉన్న వీధులు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. బస్టాపు దగ్గర సీసాని ఎవరూ పట్టించుకోక నీళ్ళు ఎండిపోయి, మురిగిన పొట్టులో పురుగు పట్టి, అందులోంచే కొత్త ఈగలు లేచాయి. ఈగ గుడ్డు ఒక రోజులో పురుగవుతుంది, మన ఎండలకి వారం పది రోజుల్లో ఎగిరే ఈగ. ఒక్కో విడతకి నూరు నూటయాభై గుడ్ల దాకా పెడుతుంది. అందుకే వారం అన్నాం. పది రోజులకోసారి చేస్తే చాలదా అని అడిగినవారికి ఇదే సమాధానం.

సీసాలు పుట్టిన ఈగల్ని పడతాయి గానీ పుట్టేచోటుని ఆపలేవు. ఈగ రెండు కిలోమీటర్లు సులువుగా వస్తుంది, గట్టు మీది కోడిపెంట మనకి అంతకన్నా దగ్గర. రైతులతో మాట్లాడాం. కుప్పని టార్పాలిన్‌తో బిగించి కప్పితే లోపలి వేడికే పురుగు చస్తుంది. లేదా పల్చగా పరిచి ఆరబెడితే తడి లేక బతకదు. ఒక రైతుగారు వెంటనే టార్పాలిన్ కప్పారు, వారికి ఈ సభ తరఫున చప్పట్లు కొట్టాలి. మరొకాయన "చూద్దాం లెండి" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

అధికారులకి అర్జీలు ఇచ్చాం. ముందు ఎన్నికల కోడ్ అన్నారు. తర్వాత బదిలీలు అన్నారు. సోమవారం అర్జీల రోజున వెళ్ళి రసీదు తెచ్చుకున్నాం. కొన్నాళ్ళకి నా ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఆ మెసేజ్ చదువుతున్నప్పుడు ఫోను మీద ఈగ వాలి ఉంది. ఒకసారి పొగ మిషను పంపారు. అది దోమల కోసం, వచ్చింది చీకటి పడ్డాక. అప్పటికి ఈగలు తీగల మీద, దూలాల మీద నిద్రపోతున్నాయి. జనవరి నుంచి నెల నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర పేరుతో ఫోటోలు దిగుతున్నారు. ఆ చీపుళ్ళు ఫోటో తర్వాత కూడా ఓ గంట కదిలితే సంఘం టిఫిన్లు పెట్టించడానికి సిద్ధం.

జమాఖర్చులు ఆడిటరుగారు చూసి సంతకం పెట్టారు. కాగితం నోటీసు బోర్డులో ఉంది. రాబడి కన్నా ఖర్చు ఎక్కువ కాలేదు. టేపు, పురికొస, గుగ్గిలం, టిఫిన్లు తప్ప ఈగల పద్దు కింద వేరే ఖర్చు లేదు. చందా బాకీదారుల జాబితా కూడా పక్కనే అంటించాం, ఎవరూ నొచ్చుకోవద్దు.

ధన్యవాదాలు చెప్పాల్సినవారు చాలా మంది. ఖాళీ సీసాలు దాచి ఇచ్చిన కూల్‌డ్రింకుల కొట్టు బాబాయిగారికి, సెలవుల్లో కూడా పిల్లల్ని పంపిన హైస్కూలు హెడ్మాస్టరుగారికి, డ్వాక్రా అక్కచెల్లెళ్ళకి, రొయ్యపొట్టు మూటలు మోసుకొచ్చిన పిన్నిగారికి, మైకుసెట్టు ఉచితంగా ఇచ్చిన తమ్ముడికి, ఉప్మా, పెసరట్టు పంపిన హోటలువారికి, హాలు కడిగిపెట్టిన పారిశుధ్య కార్మికులకి, వాసన భరించిన ఇరుగుపొరుగులకి. సైన్సు మాస్టారుకి శాలువా ఈ సభలోనే కప్పుతాం. ఎవరి పేరైనా వదిలేస్తే అది మరుపే, మరోటి కాదు.

ఈ ఏడు జూన్ దాకా ఆగకుండా, కాలువలు కట్టకముందే సీసాలు సిద్ధం చెయ్యాలని కార్యవర్గం తీర్మానించింది. సహాయ కార్యదర్శి పదవి ఖాళీగా ఉంది. ఉన్నప్పుడు కూడా ఖాళీగానే ఉందనుకోండి. సమావేశాలకి వచ్చే ఉద్దేశం ఉన్నవారు మాత్రమే పేరు ఇవ్వండి. రెండు లీటర్ల సీసాలు పారెయ్యకుండా హాలు వెనక గోనెసంచిలో వెయ్యండి. కన్నాలు పెట్టడానికి తెచ్చిన సంఘం డ్రిల్లింగ్ మిషను ఆ ఆదివారం సాయంత్రం నుంచి కనబడటం లేదు. ఎవరింట్లో ఉందో నాకు తెలుసు. భోజనాల లోపు తెచ్చి బల్ల మీద పెట్టేస్తే పేరు చదవను.

ఇట్లు
కార్యదర్శి