‘స్వమర్యాద పెళ్ళి’ కాదు, ఆత్మగౌరవ వివాహం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ చెన్నై పేజీలో, పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న ఒక జంట గురించి వేశారు. సంతోషం. కానీ దాన్ని ‘స్వమర్యాద పెళ్ళి’ అన్నారు. తమిళంలో సుయమరియాదై కాబట్టి తెలుగులోనూ మర్యాద అని ఉంచేసినట్టున్నారు. రెండు భాషల్లోనూ ఉన్న మాటే గానీ అర్థం ఒకటి కాదు. ఆ తేడా మా ఇంట్లో ఎంత పని చేసిందో చెబుతాను.

ఆరేళ్ళ క్రితం మా అబ్బాయి పెళ్ళి పెరంబూరులో ఇలాగే జరిగింది. అమ్మాయి వాళ్ళు తమిళులు. మాట్లాడుకోవడానికి వెళ్ళినప్పుడు వియ్యంకుడు గారు పెట్టుపోతల ఊసే ఎత్తలేదు. “ఎంగళుక్కు మరియాదై దాన్ ముక్కియం”, మాకు మరియాదే ముఖ్యం అన్నారు, అంతే. మా ఆడపడుచు ఆ మాట పట్టుకుంది. “చూశావా వదినా, వద్దంటూనే మర్యాదలు అడుగుతున్నారు” అని, పెళ్ళి రోజు మూడు ఇత్తడి పళ్ళేల్లో పంచెల చాపు, పట్టుచీర, పళ్ళు సర్దుకొచ్చింది. ఆయన వాటిని చేత్తో మెల్లగా పక్కకి జరిపి నాతో అన్నారు: “ఇదెల్లాం వేండామ్మా. ఎన్ పొణ్ణె వాడీ పోడీన్ను కూప్పిడాదీంగ, అదు పోదుం.” నా బిడ్డని రావే పోవే అనకండి, అది చాలు అని. అప్పటికే ఆ పిల్లని ఎన్నిసార్లు ‘ఏమే’ అన్నానో! మా ఇంట్లో అది ముద్దు. ఆయన చెవికి అది చిన్నచూపు.

ఆయన అడిగింది మన మాటలో గౌరవం. మనకి మర్యాద చేసేది: అల్లుడికి చేస్తాం, చుట్టానికి చేస్తాం. గిట్టనివాడు గుమ్మంలోకొచ్చినా మర్యాదకి కాఫీ ఇస్తాం. గౌరవానికి కాఫీ ఇచ్చామని ఎవరూ అనరు. మర్యాద తప్పుతాం, గౌరవం తప్పడం అనే మాటే లేదు. ఎందుకంటే సంస్కృతంలో మర్యాద అంటే ఎల్ల, హద్దు. లోకమర్యాద అన్నా, దేశమర్యాద అన్నా నలుగురూ గీసిన గీత అనే.

ఈ పెళ్ళిళ్ళకు మూలం 1925లో తమిళ సంఘసంస్కర్త పెరియార్ మొదలుపెట్టిన సుయమరియాదై ఉద్యమం. అది ఆ గీతల మీదే కదా! తాతల నాటి ఆచారం, కులంలో ఎక్కువ తక్కువలు, పురోహితుడు లేనిదే పెళ్ళి కాదనడం, వీటన్నిటినీ కాదన్న ఉద్యమానికి తెలుగులో మర్యాద అని పేరు పెడితే అర్థం తిరగబడిపోతుంది. 1967లో అప్పటి మద్రాసు రాష్ట్రంలో అణ్ణాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికి 7-ఏ సెక్షన్ చేర్చి ఈ పెళ్ళిళ్ళకు చట్టబద్ధత ఇచ్చింది. బంధుమిత్రుల ఎదుట, ఇద్దరికీ తెలిసిన భాషలో ‘నిన్ను భార్యగా, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నాను’ అనుకున్నా చాలు. మా కోడలు తమిళంలోనే చెప్పింది, మా వాడూ తమిళంలోనే చెప్పాడు. మంత్రం అర్థం కాని నా పెళ్ళి ఆ పూట గుర్తొచ్చింది.

సరైన మాట కోసం వెతుక్కోనక్కర్లేదు. 1982లో ఎన్.టి.రామారావు గారు పార్టీ పెట్టి ఊరూరా తిరిగి చెప్పింది తెలుగువారి ఆత్మగౌరవం అనే. ఆత్మమర్యాద అని ఆయన అనలేదు, అన్నా జనానికి ఎక్కేది కాదు.

దయచేసి ఆ వార్తకు సవరణ వేయండి. ఇకమీదట ‘ఆత్మగౌరవ వివాహం’ అని రాయమని మీ చెన్నై విలేకరులకు చెప్పండి.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై