రంగు పొట్లం మీద పేరెందుకు లేదు?

చేనేత, జౌళి శాఖ సహాయ సంచాలకులు గారికి నమస్కారం.

పోచంపల్లిలో మా నాన్న 40 ఏళ్లుగా నూలుకు రంగులేస్తున్నారు. చేతికి తొడుగుల్లేవు. గోళ్లలో ఎరుపు అన్నం తినేటప్పుడు కూడా పోదు. మొన్న కొన్న పొట్లం మీద ఏ పేరూ లేదు.

నా టెన్షన్ బెంజిడిన్ గురించి, అది కొన్ని రంగుల తయారీలో వాడే రసాయనం. అది మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో రుజువైంది. దాంతో చేసిన రంగు ఒంట్లోకి వెళ్తే విడిపోయి మళ్లీ బెంజిడిన్ అవుతుంది. జబ్బు బయటపడేసరికి 20 ఏళ్లు దాటొచ్చు. 1895లోనే జర్మనీలో రేన్ అనే డాక్టరు రంగుల ఫ్యాక్టరీ కార్మికుల మూత్రాశయాల్లో గడ్డలు చూశారు. మన దేశమూ 1990లలో బెంజిడిన్ రంగుల్ని నిషేధించింది. పేరులేని పొట్లంలో ఏముందో మాకెలా తెలుస్తుంది సార్?

దుకాణాల్లో నమూనాలు తీసి పరీక్షించండి. రంగులేసేవాళ్లకు ఏటా మూత్ర పరీక్షలు చేయించండి. మొదట నాన్నను నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక నేత కుటుంబపు కూతురు