తెర మీద నవ్వని నాన్న

సంపాదకులకు,

విదేశంలో ఉంటూ జబ్బుపడిన తల్లిని ఫోన్లోనే కనిపెట్టుకునే కూతురి మీద వచ్చిన డాక్యుమెంటరీ గురించి పోయిన ఆదివారం మీ పత్రికలో చదివి, ఆ రాత్రే చూశాను. సగంలో ఆపి ఏడ్చి, మళ్లీ పెట్టుకున్నాను. అర్ధరాత్రి ఫోన్ మోగితే చేతులు చల్లబడిపోవడం, ‘ఇప్పుడే రావాలా, ఇంకా ఆగొచ్చా’ అని తోడబుట్టినవాణ్ణి పదేపదే అడగడం, అంతా నేను పడ్డదే. ఒక్కచోట మాత్రం మనసొప్పలేదు. పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఉన్న ఆ తల్లి ముఖం తెర మీద కదలకుండా ఉంటే, కూతురు ‘అమ్మకి నా మీద ఇంకా కోపమే’ అంటుంది. సినిమా ఆ మాటను అలాగే వదిలేసింది.

మా నాన్నదీ అదే జబ్బు. 2 ఏళ్లపాటు నేనూ అలాగే అనుకున్నాను. నా కొడుకు మొదటిసారి సైకిల్ తొక్కిన వీడియో చూపిస్తే రాతిబొమ్మలా చూశారు. గొంతు వినపడక ‘గట్టిగా మాట్లాడండి నాన్నా’ అంటే, ‘గట్టిగానే మాట్లాడుతున్నా కదమ్మా’ అనేవారు. వదిలేసి వచ్చానన్నది మనసులో పెట్టుకున్నారనుకుని ఫోన్లు తగ్గించేశాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

సెలవు పెట్టి వెళ్లినప్పుడు నరాల డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఈ జబ్బులో ముఖం కండరాలు సరిగ్గా కదలవట, సంతోషం లోపల ఉన్నా ముఖం మీదికి రాదట. గొంతు తగ్గిన సంగతి చాలామందికి తమకే తెలియదట. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీని గురించి రాశారు. ఇన్నేళ్లయినా నాకు తెలిసిందల్లా చేతుల వణుకు ఒక్కటే.

ఇంకో తప్పు నేను ఫోన్ చేసే వేళది. ఆఫీసుకు బయల్దేరే ముందు నాకు వీలని అప్పుడే చేసేదాన్ని. నాన్నకది ఈ జబ్బుకి వాడే లెవోడోపా మాత్ర ప్రభావం తగ్గిపోయి, తర్వాతి మాత్ర ఇంకా పడని సమయం. డాక్టర్లు దాన్ని ‘ఆఫ్’ అంటారు. తమ్ముడు మాత్రల వేళలు రాసిన కాగితం ఫొటో తీసి పంపాక, ఫోను గంటన్నర జరిపి, మాత్ర పనిచేసే వేళకి మార్చాను. నాలుగో రోజో ఐదో రోజో, పిల్లాడు ఏదో అంటుంటే నాన్న పెదవి ఒక పక్క కొద్దిగా, ఇంతే, పైకి లేచింది. ఆ పూట ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను.

మా మరదలి గురించి కూడా చెప్పాలి. గుమ్మం దగ్గరికి రాగానే నాన్న కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. తను అక్కడ నేల మీద పసుపు టేపు అడ్డంగా మూడు వరసలు అంటించింది. ఆ గీత దాటాలని చూసుకుని ఆయన అడుగు వేస్తారు. మాంసకృత్తులు ఎక్కువున్న భోజనంతో కలిస్తే మాత్ర సరిగ్గా పట్టదని, తినడానికి ముందే వేయిస్తుంది. ఇవేవీ నేను ఫోన్లో చేయగలిగినవి కావు. ఆ సినిమాలో కూడా తల్లి పక్కనున్న మనిషి చేతులు ఒక్కసారి కనిపించి మాయమయ్యాయి. ఆవిడ ముఖం చూపించి ఉండాల్సింది.

మీకొక విన్నపం. ఇలాంటి సినిమాల గురించి రాసేటప్పుడు, ఆ జబ్బు లక్షణాలను ఒక వైద్యుడి చేత పక్కనే నాలుగు మాటలు రాయించండి. నాకా నాలుగు మాటలు 2 ఏళ్లు ముందు దొరకలేదు.

ఈ ఉత్తరం రేపు నాన్నకి మాత్ర పట్టిన వేళ చూసి చదివి వినిపిస్తాను.

– ఒక పాఠకురాలు