చెవుల్లో మోతకు హిప్నాటిజం: గ్యారంటీ ప్రకటనలు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా పేజీలో కొన్నాళ్లుగా ఒక ప్రకటన వస్తోంది. చెవుల్లో మోతను హిప్నాటిజంతో పూర్తిగా పోగొడతారట, గ్యారంటీ అట. అది చదివి డబ్బు కట్టినవాళ్లు మా వాడలో ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

నేను సిరిసిల్లలో వయసంతా సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాణ్ణి. పన్నెండు గంటల షిఫ్టు. పక్కమనిషికి మాట వినపడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ దాటకూడదని ఫ్యాక్టరీ నిబంధనల్లో ఉంది. మా కార్ఖానాలో ఆ చప్పుడు కొలవడానికి ఎవరైనా రావడం నేనెన్నడూ చూడలేదు. రాత్రి అంతా సద్దుమణిగాక రెండు చెవుల్లోనూ కీచుమని ఒకటే మోత. మాతో పనిచేసిన చాలామందికి ఇదే బాధ.

హిప్నాటిజం దండగ అని నేను అనను. నాకు పనికొచ్చింది. హైదరాబాద్‌లో ఈఎన్‌టీ డాక్టర్ గారు ముందు వినికిడి పరీక్ష చేయించారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు దెబ్బతిన్నాయని, అవి మళ్లీ రావని, బయటి శబ్దం అందకపోయేసరికి మెదడు తనే సౌండ్ పెంచుకుంటోందని చెప్పి ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆమె కళ్లు మూసుకోమని, ఊపిరి మీద ధ్యాస పెట్టించి, మోత ఉంటే ఉండనివ్వండి, దానితో కొట్లాడొద్దు అని మెల్లగా చెప్పేవారు. స్టేజీ మీద చూపించినట్టు ఒళ్లు తెలియకుండా పోవడం ఏమీ ఉండదు. బయట ఆటో హారన్ కూడా వినపడుతూనే ఉంటుంది. ఇంట్లో సొంతంగా చేసుకోవడం కూడా నేర్పారు. మోత పోలేదు, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. కానీ నిద్ర పడుతోంది, టెన్షన్ తగ్గింది, ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం తగ్గింది. సాంచాల పక్కన ఇల్లున్నవాళ్లు ఆ చప్పుడులోనే నిద్రపోతారు కదా, అట్లా అలవాటైంది.

ఇజ్రాయెల్‌లో 1990ల మొదట్లో ఇలా సొంతంగా చేసుకునే హిప్నాసిస్ మీద పరిశోధనలు జరిగాయని, కొందరికి ఉపశమనం దొరికిందని ఆమే చెప్పారు. అయితే అవి కొద్దిమంది మీద చేసినవేనట. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్‌ను సిఫారసు చేశాయి, వినికిడి తగ్గినవాళ్లకు మిషన్ పెట్టి చూడమన్నాయి. జింకో అనే చెట్టు ఆకుల మందు, జింక్ మాత్రలు వద్దన్నాయి. పూర్తిగా నయం చేస్తామన్న మాట వీటిలో ఎక్కడా లేదు.

నాకు కోపం వచ్చింది ఇందుకు. మా వాడలో ఒకాయనకు ఒక్క చెవిలోనే మోత మొదలై, తెల్లారేసరికి ఆ చెవి వినపడటం తగ్గిపోయింది. ప్రకటన చూసి ఆ సెంటర్‌కు పోయాడు. వాళ్లు చెవిలో లైటు వేసి కూడా చూడలేదు, డబ్బు కట్టించుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. వారాలు గడిచాక డాక్టర్ దగ్గరికి పోతే, ఇలా ఉన్నట్టుండి వినికిడి పోయినప్పుడు వెంటనే రావాలి, స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లో ఇస్తేనే బాగా పనిచేస్తుంది అన్నారు. ఆయనకు ఆ చెవి తిరిగి రాలేదు.

చెవుడు నయం చేస్తామంటూ మందులకు, మాయ వైద్యాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. చెవి మోతకు గ్యారంటీ ఇచ్చే ప్రకటనలను కూడా మీరు అదే కంటితో చూడాలి. ఒక్క చెవిలోనే మోత వచ్చినా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినపడినా, వినికిడి హఠాత్తుగా తగ్గినా ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలని మీ ఆరోగ్యం పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉందని కూడా రాయండి, మా దగ్గర చాలామందికి తెలియదు. కార్మిక శాఖ అధికారులు సిరిసిల్ల కార్ఖానాల్లో ఏడాదికొకసారైనా వినికిడి పరీక్షలు పెట్టించాలని కోరుతున్నాను.

– ఒక మరమగ్గాల కార్మికుడు, సిరిసిల్ల